గోలీ కూడా పొదుపు లెక్కనే, నడుమ ఆపొద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. నారాయణఖేడ్)



ఇప్పటిదాకా పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీల లెక్కలు విన్నరు. మా వంతు ఆరోగ్యం గురించి చెప్పుడు. ఇంతకుముందు సభలల్ల రక్తహీనత గురించి, బీపీ, షుగర్ల గురించి మాట్లాడినం. ఈసారి మీలో చాలామంది పేరు కూడా వినని జబ్బు గురించి చెప్తున్నం. దాని పేరు అడిసన్ జబ్బు. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పని చెయ్యకుండా పోయే జబ్బు ఇది.

ఇది అరుదైన జబ్బే. అట్లాంటప్పుడు ఇంతమందిని కూసోబెట్టి దీని గురించే ఎందుకు చెప్పాలె అని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నయి. మన సమాఖ్యలోనే ఒక చెల్లె ఈ జబ్బుతోని రెండుసార్లు చావు దాకా పోయి వచ్చింది. మొదటిసారి అక్కడిదాకా పోవుడుల మన తప్పు కూడా ఉన్నది. ఇది మొదటి కారణం. రెండోది, కీళ్ల నొప్పులకని మనం ఊర్లల్ల వేయించుకునే సూదులతోని, తెచ్చుకునే గోలీలతోని ఇదే గ్రంథి పని మానేస్తది. జబ్బు అరుదు గానీ, ఆ సూదులు మాత్రం అరుదు కాదు.

ముందు ఆ చెల్లె సంగతి చెప్తం. ఆమెను అడిగి, సరే అన్నంకనే చెప్తున్నం. పేరు, ఊరు చెప్పం.

ఆమె తన సంఘానికి రెండో లీడర్. అక్షరాలు బాగ రాస్తది. సభ్యుల పాసుపుస్తకాలు ఆమే రాసేది. దీపావళి దాటినంక మన దిక్కు చాలా కుటుంబాల లెక్కనే వాళ్లు కూడా చెరుకు కొట్టెతందుకు పోతరు. ఒక ఏడు పోయి వచ్చినంక ఆమె మనిషి మారిపోయింది. బాగ చిక్కింది. ఒళ్లు నల్లబడ్డది. ఎండల చెరుకు కొట్టింది, నల్లబడక ఏమైతది అనుకున్నం. మీటింగుల కూసుండి లేస్తే కండ్లు తిరిగేటివి. అన్నం సయించది అనేది. కానీ మామిడి తొక్కు ఊట మాత్రం చెంచాలతోని తాగేది, చింతపండుల ఉప్పు అద్దుకొని తినేది. కడుపుతోని ఉన్నవా ఏంది అని నవ్వినం.

తర్వాత మీటింగులకు రావుడు బంద్ చేసింది. ఒక నెల రాలేదు, రెండు నెలలు రాలేదు. మనం ఏం చేసినం? పుస్తకంల గైరుహాజరు రాసి జరిమానా వేసినం. ఆమె అప్పు అడిగితే "కిస్తీలు సక్కగ కడతలేదు, బాధ్యత లేదు" అని ఆపినం. ఆ తీర్మానం మీద సంతకాలు ఇయ్యాల్టికీ ఉన్నయి. ఆమె ఇంటికి పోయి, ఏమైందమ్మా అని అడిగినోళ్లు ఒక్కరు లేరు. పంచసూత్రాలు మనకు అందరికీ నోటికి వస్తయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంల వాపసు, పుస్తకాల నిర్వహణ. అవన్నీ పాటించినం. మనిషిని చూసుడు మరిచినం.

ఎండకాలంల ఆమెకు విరేచనాలు పట్టుకున్నయి. ఇంటోళ్లు ప్రేమతోని కొబ్బరినీళ్లు తాపిండ్రు. ఇంకింత నీరసపడ్డది. దవాఖానకు తీస్కపోతే సెలైన్ ఎక్కించిండ్రు, లేచి కూసున్నది. కమ్‌జోరీ అని టానిక్ రాసి ఇంటికి పంపిండ్రు. పదిహేను రోజులకు మళ్ల అదే. మళ్ల సెలైన్, మళ్ల టానిక్. మూడోసారి మనిషి పలుకుడు ఆగినంక వంద కిలోమీటర్ల పైన పట్నానికి తీస్కపోయిండ్రు.

అక్కడ ఒక డాక్టరమ్మ ఆమె నోరు తెరిపించి చూసింది. చిగుర్ల మీద, పెదువుల లోపటి దిక్కు నల్ల మచ్చలు. అరిచేతుల గీతలు, వేళ్ల కణుపులు, పాత దెబ్బల మచ్చలు నల్లగ అయినయి. "ఉప్పు తినబుద్ధి అయితదా?" అని అడిగిందట. మనం నవ్విన మాటనే ఆమె రోగం పట్టుకునెతందుకు అడిగింది. నెత్తురు పరీక్షల సోడియం బాగ తక్కువ, పొటాషియం ఎక్కువ వచ్చింది. పొద్దున 8 గంటలప్పుడు తీసే కార్టిసోల్ పరీక్షల అది దాదాపు లేనట్టే వచ్చింది. స్కాన్ తీస్తే అడ్రినల్ గ్రంథులు టీబీతోని పాడైనయని తేలింది.

ఇప్పుడు ఈ గ్రంథులు ఏం చేస్తయో చెప్తం. రెండు కిడ్నీల మీద టోపీ పెట్టినట్టు చెరొక చిన్న గ్రంథి ఉంటది. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు, అంతే. ఇవి తయారు చేసే హార్మోన్లల్ల రెండు మనిషి బతుకుకే ఆధారం. మొదటిది కార్టిసోల్. జ్వరం, దెబ్బ, ఆపరేషన్, కాన్పు వంటివి వచ్చినప్పుడు శరీరం తట్టుకునేది దీని బలంతోనే. తినకుండ ఉన్నప్పుడు నెత్తుట్ల చక్కెర పడిపోకుండ చూసేది కూడా ఇదే. రెండోది ఆల్డోస్టిరాన్. ఇది ఒంట్లె ఉప్పును పట్టి ఉంచి, ఎక్కువైన పొటాషియంను మూత్రంల బయటికి పంపుతది.

గ్రంథి పాడైతే ఉప్పు నిలువదు, నీళ్లు నిలువవు. బీపీ పడిపోతది, కండ్లు తిరుగుతయి, ఉప్పు మీదికి మనసు పోతది. మెదడు కింద పిట్యూటరీ అని ఇంకో గ్రంథి ఉంటది. ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తోని అడ్రినల్‌కు హుకుం ఇచ్చేది అదే. అడ్రినల్ పలుకకపోతే అది ఆ హుకుంను ఎక్కువెక్కువ పంపుతది. ఒళ్లు నల్లబడేది దానివల్లనే. మనం ఎండ దెబ్బ అనుకున్నది ఇదే.

లండన్‌ల గైస్ హాస్పిటల్ డాక్టర్ థామస్ అడిసన్ 1855ల ఈ జబ్బు గురించి రాసిండు. అందుకే ఆయన పేరు పెట్టిండ్రు. ఆయన చూసిన రోగులల్ల కూడా టీబీతోని గ్రంథులు పాడైనోళ్లు ఉన్నరు. ఇప్పుడు సంపన్న దేశాలల్ల ఎక్కువగా శరీరం తన గ్రంథిని తానే దెబ్బతీసుకునుడుతోని ఇది వస్తది. మన దేశంల టీబీ ఇంకా ఒక ముఖ్య కారణం. అప్పట్ల దీనికి మందు లేదు. అడ్రినల్ హార్మోన్ల మీద చేసిన పనికి కెండల్, రైక్‌స్టైన్, హెంచ్ అనే ముగ్గురికి 1950ల నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హార్మోన్ మందుగ వచ్చినంక ఈ జబ్బు ఉన్నోళ్లు బతుకుడు, పని చేసుకునుడు మొదలైంది. 1961 నుంచి 1963 దాకా అమెరికా అధ్యక్షుడుగ ఉన్న జాన్ కెనడీకి కూడా ఇదే జబ్బు. గోలీలు వేసుకుంటనే దేశాన్ని నడిపిండు. మన చెల్లె గోలీలు వేసుకుంటనే చేను చూసుకుంటున్నది.

ఆ గోలీలు ఏంటియంటే, ఒకటి హైడ్రోకార్టిసోన్. పెద్దలకు మామూలుగ రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు వంతులుగ ఇస్తరు. లేవంగనే పెద్ద వంతు, పగటీలి ఒకటి, సాయంత్రం లోపల చివరిది. రాత్రి వేసుకుంటే నిద్ర రాదు. ఇది దొరకని చోట కొందరికి ప్రెడ్నిసోలోన్ రాస్తరు. రెండోది ఫ్లూడ్రోకార్టిసోన్, ఉప్పును నిలబెట్టే గోలీ. ఇది మన దిక్కు ప్రతి మెడికల్ షాపుల దొరకదు, ముందుగాల చెప్పి తెప్పించుకోవాలె. ఎవరికి ఎంత అన్నది డాక్టరే చెప్పాలె. మేము చెప్పిన లెక్క చూసి ఎవరూ మార్చుకోవద్దు.

టీబీ మందులల్ల రిఫాంపిసిన్ అని ఒకటి ఉంటది. అది హైడ్రోకార్టిసోన్‌ను ఒంట్లె తొందరగ ఖర్చు చేసేస్తది. అందుకని టీబీ కోర్సు నడిచినన్ని రోజులు డాక్టరమ్మ ఆమెకు హైడ్రోకార్టిసోన్ పెంచింది, కోర్సు అయినంక తగ్గించింది. రెండు జబ్బులకు రెండు చోట్ల మందులు తెచ్చుకునేటోళ్లు రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకు చూపెట్టాలె. టీబీ మందులు సర్కారు దవాఖానల ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండి కోసమని 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తుండ్రి. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేసిండ్రు. ఆశ అక్కను అడిగి పేరు నమోదు చేయించుకోవాలె. ఇంకో సంగతి, టీబీ నయమైనా పాడైన గ్రంథి సాధారణంగా మళ్ల పని మొదలుపెట్టదు. ఆ గోలీలు బతికినన్ని దినాలు వేసుకోవాల్సిందే.

ఇక తిండి. తిండితోనే ఈ జబ్బు పోదు. గోలీ బదులు పసరు తాగితే ప్రాణం పోతది. కానీ గోలీ సక్కగ పని చెయ్యాలంటే తిండి తోడుండాలె.

ఉప్పు సంగతి మొదలు. టీవీల, దవాఖానల గోడల మీద ఉప్పు తగ్గించాలె అని ఉంటది. అది బీపీ ఉన్నోళ్లకు మంచి మాట. అడిసన్ జబ్బు ఉన్నోళ్లకు ఉప్పు తగ్గిస్తే ప్రమాదం. నోటికి సరిపోయేంత తినాలె. ఎండల కూలి చేసినప్పుడు, చెమట పోసినప్పుడు ఇంకింత. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పేసిన గంజి, అంబలి మన ఇండ్లల్ల ఉన్న మందులే. బీపీకని అమ్మే తక్కువ సోడియం ఉప్పు మాత్రం వాడొద్దు. అందుల సోడియం బదులు పొటాషియం కలుపుతరు.

కొబ్బరినీళ్లు కూడా అట్లనే. వాటిల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. గ్రంథి పని చెయ్యక పొటాషియం అప్పటికే పెరిగి ఉన్న మనిషికి అవి మేలు చెయ్యవు. ఆ దినం ఇంటోళ్లకు ఈ సంగతి తెల్వదు, మనకూ తెల్వదు. విరేచనాలైతే ఆమెకు ఓఆర్ఎస్ తాపాలె, వెంటనే దవాఖానకు తీస్కపోవాలె.

పొద్దుగాల ఏమన్న తిని గోలీ వేసుకుంటే కడుపుల మంట ఉండదు. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు, ఏది ఉంటే అది. ఒక్కపూటే కడుపునిండ తినుడు కాదు, కొంచెం కొంచెం నాలుగైదు సార్లు తినాలె. ఏండ్ల తరబడి ఈ గోలీలు వాడితే, డోసు ఎక్కువైతే ముఖ్యంగ, ఎముకలు బలహీనపడొచ్చు. అందుకని రాగి, నువ్వులు, పాలు తినాలె, పొద్దటి ఎండ తగలాలె. అతిమధురం కషాయం ఈ మందుల మీద ప్రభావం చూపుతది, అది వద్దు. ఉపవాసాలు కూడా వద్దు. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉండేది. ఇప్పుడు దేవునికి దండం పెట్టి బువ్వ తింటది.

ఇప్పుడు రెండోసారి ఏమైందో వినాలె. రెండేండ్లు మంచిగ ఉన్నది. ఒళ్లు పట్టింది, నలుపు తగ్గింది. మళ్ల భర్తతోని చెరుకు కొట్టెతందుకు బార్డర్ అవతలికి పోయింది. గోలీలు నెల రోజులకే తీస్కపోయింది. అవి అయిపోయినయి. అక్కడ అడ్వాన్స్ పైసలు అయిపోయినయి, పట్నం పోయెతందుకు లేవు. "ఇప్పుడు మంచిగనే ఉన్న గదా, నాలుగు రోజులు లేకపోతే ఏమైతది" అనుకున్నది. అంతల జ్వరం వచ్చింది. వాంతులు మొదలైనయి. తెల్లారేసరికి లేవలేకపోయింది.

ఆమె బిడ్డ ఇక్కడ హాస్టల్ల తొమ్మిదో తరగతి చదువుతున్నది. తల్లి డిశ్చార్జి కాగితం చూసి, ఆ పిల్ల ముందుగాలనే ఒక అట్టముక్క మీద జబ్బు పేరు, గోలీల పేర్లు, "వాంతులైతే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది ఇవ్వాలి" అన్న మాట తెలుగులో, ఇంగ్లిషులో రాసి తల్లి సంచిల పెట్టింది. అక్కడి డాక్టరుకు తెలుగు రాదు, ఆమె భర్తకు జబ్బు పేరు పలుకరాదు. అట్టముక్క మాట్లాడింది. సూది పడ్డది, సెలైన్ పడ్డది. సాయంత్రానికి కండ్లు తెరిచింది.

ఈ కార్డు ఆలోచన మాది కాదు, ఆ పిల్లది. మేము దాన్ని అచ్చు వేయించినం, అంతే.

ఆరోగ్యంగ ఉన్న మనిషికి జ్వరం వస్తే గ్రంథి తనంతట తానే కార్టిసోల్ ఎక్కువ చేస్తది. వీళ్లకు చెయ్యదు. అందుకని జ్వరం వచ్చిన రోజులల్ల డోసు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు వేసుకొమ్మని డాక్టరు ముందే రాసిస్తరు. జ్వరం తగ్గంగనే మళ్ల పాత డోసుకు రావాలె. వాంతులతోని గోలీ నిలువకపోతే సూదే దిక్కు, 108కు ఫోన్ చెయ్యాలె. ఆపరేషన్, కాన్పు, పన్ను పీకించుకునుడు, ఏదున్నా డాక్టరుకు ముందే చెప్పాలె.

ఇగ అందరికీ సంబంధించిన మాట. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, ఆయాసం అంటే ఊర్ల సూది వేస్తరు, రంగురంగుల గోలీలు పొట్లం కట్టిస్తరు. తెల్లారేసరికి నొప్పి మాయం. అందుల చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఈ చెల్లెను బతికించింది కూడా అదే జాతి మందు. ఉబ్బసంల, కీళ్లవాతంల డాక్టరు లెక్క ప్రకారం ఇస్తే మేలు చేస్తది. లెక్క లేకుండ మూడు నాలుగు వారాలు దాటి వేసుకుంటే, బయటి నుంచి వస్తున్నది గదా అని మన గ్రంథి పని ఆపేస్తది. ముఖం గుండ్రంగ ఉబ్బుతది, పొట్ట పెరుగుతది, చేతులు కాళ్లు సన్నబడతయి, తోలు పలుచబడి కమిలిపోతది, షుగర్, బీపీ పెరుగుతయి. ఒళ్లు వచ్చింది, బలం వచ్చింది అని మురుస్తం. ఒకనాడు పైసలు లేకనో, భయపడో ఒక్కసారే ఆపేస్తం. పడుకున్న గ్రంథి వెంటనే లేవదు. అప్పుడు అడిసన్ జబ్బు లెక్కనే నీరసం, వాంతులు, బీపీ పడిపోవుడు.

కాబట్టి ఇట్లాంటివి వాడుతున్నోళ్లు ఈ సభ విని ఇంటికి పోయి గోలీలు పారేయొద్దు. దయచేసి ఈ మాట సక్కగ వినండి. పారేయొద్దు. పొట్లం పట్టుకొని డాక్టరు దగ్గరికి పోండి. మెల్లమెల్లగ తగ్గించుకుంట ఆపిస్తరు.

కాన్పుల సంగతి ఒకటి చెప్పి ముగిస్తం. కాన్పులో నెత్తురు బాగ పోయిన ఆడమనిషికి పాలు పడకపోతే, తర్వాత నెలసరి మళ్ల రాకపోతే, ఏండ్ల తరబడి చలి, నీరసం ఉంటే, పిట్యూటరీ దెబ్బతిని ఉండొచ్చు. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటరు. ఇందుల ఒళ్లు నల్లబడదు, కానీ కార్టిసోల్ తక్కువైతది. మన ఇండ్లల్ల "కాన్పు నుంచి గిట్లనే ఉంటది" అని వదిలేసిన అక్కలు ఉంటే, వాళ్లను దవాఖానకు తోలుకపోండి.

ఈ సభ ముందు మా ఉపసంఘం పెట్టే తీర్మానాలు ఇవి.

ఒకటి, ఏ సభ్యురాలైనా వరుసగ రెండు మీటింగులకు రాకపోతే జరిమానా రాసే ముందు ఇద్దరు సభ్యులు ఆమె ఇంటికి పోయి రావాలె. పోయినట్టు పుస్తకంల రాయాలె.

రెండు, అడిసన్ జబ్బే కాదు, బతికినన్ని రోజులు మందులు వాడాల్సిన ప్రతి సభ్యురాలికి తెలుగులో, ఇంగ్లిషులో అచ్చు వేసిన కార్డు ఇవ్వాలె. బీదర్ దిక్కు, మహారాష్ట్ర దిక్కు వలస పోయేటోళ్ల సంచిల అది తప్పకుండ ఉండాలె.

మూడు, సంఘం ఖాతాల కనీస నిల్వ ఉంచినట్టే ఇంట్ల పదిహేను రోజుల గోలీలు ఎప్పుడూ నిల్వ ఉండాలె. వలస పోయేటప్పుడు పోయినన్ని నెలలకు సరిపోయేటియి తీస్కపోవాలె. పైసలు లేకపోతే అంతర్గత అప్పుల మందుల అప్పుకు మొదటి వరుస ఇవ్వాలె.

నాలుగు, ఆ చెల్లె మీద రాసిన పాత తీర్మానం రద్దు చెయ్యాలె. తీసుకున్న జరిమానా వాపసు ఇవ్వాలె. పైసలు పెద్దయి కావు. కానీ "బాధ్యత లేదు" అని రాసిన పేజీల కింద, మనమే మన చేతులతోని కొత్త మాట రాయాలె.

ఆ చెల్లె ఈ సభలనే కూసున్నది. మొన్నటి నుంచి మళ్ల పాసుపుస్తకాలు ఆమే రాస్తున్నది. ఇందాక పగటీలి బువ్వ తినేటప్పుడు చూసినం, ముందు గోలీ వేసుకున్నది, తర్వాత పక్కామె డబ్బాలనుంచి తొక్కు అడిగి పెట్టించుకున్నది. ఈసారి ఎవ్వరం నవ్వలేదు.

తీర్మానాలను చేతులెత్తి ఆమోదించాలని కోరుతున్నం. సెలవు.